సముద్రానికి అవతలి గట్టు ఎక్కడుంటుంది? ప్లేస్కూల్ పిల్లలకి సముద్రం గురించి ఏం చేయించాలో చెప్పండి

కొబ్బరినీడ:

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంటి వసారాలో రెండేళ్ళుగా చిన్న ప్లేస్కూల్ నడుపుతున్నాను. పద్నాలుగు మంది పిల్లలు, మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ లోపు వాళ్ళు. నెలకొక విషయం తీసుకుని ఆటలు, పాటలు, బొమ్మలు అన్నీ దాని చుట్టూ అల్లుకుంటాను. వానాకాలంలో వర్షం చేశాం, కిందటి నెల కొబ్బరి చెట్టు చేశాం. ఇప్పుడు సంక్రాంతి సెలవులు అయిపోయాయి. ఈసారి భీష్మ ఏకాదశికి మా పిల్లల్లో సగం మందిని ఇళ్ళల్లో సముద్రం ఒడ్డున ఉన్న అంతర్వేది తీర్థానికి తీసుకెళ్తారు. అందుకని ఈ రెండు మూడు వారాలు సముద్రం పెట్టుకున్నాను.

మొదటి రోజే తడబడ్డాను. బజార్లో చార్టు కొని గోడకి అంటించాను. ఆక్టోపస్, సొరచేప, డాల్ఫిన్, పగడాలు, ఒక మూల మంచు మీద పెంగ్విన్లు. ఒకడు డాల్ఫిన్ మీద వేలు పెట్టి "కొర్రమేను" అన్నాడు. మిగతా అందరూ అవునన్నారు. వాళ్ళకి తెలిసిన నల్లటి పెద్ద చేప అదే మరి. సముద్రం మా ఊరికి ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు, అయినా ఈ పద్నాలుగు మందిలో చూసినవాళ్ళు ముగ్గురే. కాలువ, రేవు, చేపల చెరువు, వరదలో గోదారి ఇవైతే బాగా తెలుసు.

కాలువ గట్టు మీద ఇల్లున్న పిల్లాడొకడు ఉన్నాడు, బుజ్జి అందాం. నేను "సముద్రం అంటే బోలెడు నీళ్ళు" అని చెప్తుంటే "టీచర్, అవతలి గట్టు ఎక్కడుంటుంది?" అని అడిగాడు. "ఉండదు నాన్నా, అంతా నీళ్ళే" అన్నాను. వాడు నమ్మలేదు. గట్టు లేకపోతే నీళ్ళు పారిపోతాయి కదా అన్నాడు. నేను చెప్పింది తప్పని నాకూ తెలుసు, కానీ నాలుగేళ్ళ వాడికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలో తెలియలేదు.

ఇంకో పాప, చిన్ని, సముద్రం అనగానే ఏడుపు మొదలెట్టింది. వాళ్ళ నానమ్మ 1996 తుఫాను చూసిన మనిషి. సముద్రం మీదకి వచ్చేసిందని, ఊళ్ళు కొట్టుకుపోయాయని ఆవిడ చెప్పే మాటలు పాప మనసులో నాటుకుపోయాయి. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టి మిగతా వాళ్ళతో ఆడించడం నాకు ఇష్టం లేదు.

ఫోన్లో వీడియోలు చూస్తే బియ్యానికి నీలం రంగు వేసి, టబ్బులో పోసి, ప్లాస్టిక్ చేపలు వేసి ఆడిస్తున్నారు. మా అత్తగారు చూసి "తినే గింజకి రంగేంటమ్మా" అన్నారు. నాకూ మనసొప్పలేదు. ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించాను, అందులో నీళ్ళలో వేస్తే ఉబ్బే రంగు గుళ్ళు వచ్చాయి. అవి ఇంకా విప్పలేదు. ఖర్చు ఐదొందలు దాటకూడదు. ఇది చలికాలం, రోజూ నీళ్ళతో ఆడిస్తే జలుబు చేస్తుందని తల్లులు అంటారు. మీలో పిల్లలతో పనిచేసినవాళ్ళు, సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళు ఎవరైనా దయచేసి చెప్పండి.


నర్సాపురం పిన్ని:

అమ్మాయ్, ముందు ఆ గుళ్ళ ప్యాకెట్ పిల్లలకి అందకుండా తీసి పారెయ్యి. చూడ్డానికి ఆవగింజంత ఉంటాయి, నీళ్ళు పీలిస్తే గోళీకాయంత అవుతాయి. పిల్ల మింగితే పేగులో ఉబ్బి అడ్డం పడతాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది. ముక్కులో, చెవిలో పెట్టుకున్నా అంతే. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

నేను అంగన్‌వాడీలో పాతికేళ్ళు పైనే చేసి రిటైరయ్యాను. బియ్యం సంగతి మీ అత్తగారు అన్నదే నా మాట. చుట్టూ వరి చేలున్న ఊళ్ళో బియ్యంతో సముద్రం చేస్తే పిల్లలకి సముద్రమూ రాదు, బియ్యం విలువా రాదు. నువ్వు చార్టుతో మొదలెట్టావు, అక్కడ వచ్చింది చిక్కు. మీ పిల్లలకి కాలువ తెలుసన్నావు కదా, కాలువ నుంచే పట్టుకెళ్ళు.

నేనైతే ఇలా చేసేదాన్ని. వాకిట్లో ఇసుక పరిచి, పైన ఒక ఇటుక పెట్టి "ఇది ధవళేశ్వరం ఆనకట్ట" అనేదాన్ని. అక్కడి నుంచి పిల్లల వేళ్ళతోనే గోదారి రెండు పాయలు గీయించాలి, ఎడమ పక్క గౌతమి, కుడి పక్క వశిష్ఠ. వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ చీలుతుంది, అది ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. వశిష్ఠ చివర అంతర్వేది. గౌతమికీ వశిష్ఠకీ మధ్యలో మీ ఊరు, అక్కడొక కొబ్బరి పుల్ల గుచ్చండి. ఇప్పుడు ఇటుక దగ్గర చెంబుతో నీళ్ళు పొయ్యాలి. నీళ్ళు పాయల్లో పారి కింద పెట్టిన పెద్ద పళ్ళెంలోకి చేరతాయి. ఆ పళ్ళెం సముద్రం. ఒక్కొక్కళ్ళ చేతా పోయించు. నాలుగో పిల్ల పోసేటప్పటికి పాయ దారి మార్చుకుంటుంది, కొత్త మేట పడుతుంది. "మా లంక మునిగిపోయింది!" అని అరుస్తారు. లంక అంటే ఏంటో, నది మోసుకొచ్చిన ఒండ్రుతో మన నేల ఎలా తయారైందో అంతకంటే బాగా నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయిందన్న ముక్క నువ్వు తెలుసుకుంటే చాలు, వాళ్ళకి అక్కర్లేదు.

బుజ్జి అడిగిన మాట నాకు ఎంతో నచ్చింది. వాడికి అబద్ధం చెప్పకు తల్లీ. అవతలి గట్టు ఉంది. అంతర్వేది దగ్గర నిలబడి సూర్యుడు పొడిచే దిక్కుకి తిన్నగా 1,300 కిలోమీటర్లకు పైనే వెళ్తే బర్మా వస్తుంది. ఇప్పుడు మయన్మార్ అంటున్నారు. తమాషా ఏంటంటే అక్కడా ఇలాంటి డెల్టాయే ఉంది, ఐరావతి నది డెల్టా. అక్కడా వరి చేలే, అక్కడా మడ అడవులే. మన తాతల కాలంలో కాకినాడ, కోరంగి రేవుల నుంచి ఓడెక్కి కూలి పనికి రంగూన్ వెళ్ళేవాళ్ళు. "రంగం వెళ్ళాడు" అనేవాళ్ళు మా ఇంట్లో. మనవాళ్ళని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. మా అమ్మమ్మ తమ్ముడు అలా వెళ్ళి వచ్చినవాడే. కాబట్టి బుజ్జికి చెప్పు: "గట్టు ఉంది నాన్నా, కానీ చాలా చాలా దూరం, మన కంటికి ఆనదు. ఓడలో చాలా రోజులు వెళ్ళాలి. అక్కడ కూడా నీలాంటి పిల్లాడు గట్టు మీద నిలబడి మన గట్టు ఎక్కడుందా అని చూస్తుంటాడు." నాలుగేళ్ళ వాడికి ఇది పడుతుంది.

ఉప్పు ఆట తప్పకుండా ఆడించు. రెండు గాజు గ్లాసుల్లో కాచి చల్లార్చిన నీళ్ళు పొయ్యి. ఒకదాంట్లో కొంచెం ఉప్పు కలుపు. వేలు ముంచి నాకమను, ఏది గోదారి, ఏది సముద్రం అని అడుగు. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, అంత కలపక్కర్లేదు, నాలిక్కి తెలిస్తే చాలు. తర్వాత కోడిగుడ్డు. మంచినీళ్ళలో మునుగుతుంది, ఉప్పునీళ్ళలో తేలుతుంది. ఇక్కడ చాలామంది టీచర్లు ఒకటి తప్పు చెప్తారు. సముద్రంలో గుడ్డు తేలుతుందంటారు. సముద్రమంత ఉప్పదనానికి తాజా గుడ్డు తేలదు, దానికి మూడింతల ఉప్పు కావాలి. గ్లాసుకి నాలుగైదు చిన్న చెంచాలు పడుతుంది. అందుకని "ఉప్పు ఎక్కువైతే నీళ్ళు బరువెక్కుతాయి, గుడ్డుని పైకి తోస్తాయి" అని మాత్రం చెప్పు. గుడ్డు మాత్రం తాజాదే తీసుకో, పాతబడ్డ గుడ్డు మంచినీళ్ళలోనూ తేలి నీ పరువు తీస్తుంది. మిగిలిన ఉప్పునీళ్ళు వెడల్పు పళ్ళెంలో పోసి ఎండలో పెట్టు. రెండు మూడు రోజుల్లో నీళ్ళు పోయి అడుగున తెల్లటి గళ్ళు మిగులుతాయి. ఆ పూట వాళ్ళ మొహాలు చూడాలి.

ఇక చేపలు. ప్లాస్టిక్ చేపలు కొనకు. మీ వీధికి వచ్చే చేపలావిడని ఒకరోజు పది నిమిషాలు కూర్చోమని బతిమాలు. గంపలోంచి ఒక చందువ, ఒక సావడాయి, రెండు కానాగంతలు, ఒక రొయ్య, ఒక పీత చాలు. చందువ పళ్ళెంలా బల్లపరుపు, సావడాయి బెల్టులా పొడుగు, కానాగంత మీద గీతలు. పొలుసు గీకి చూపించమను, మొప్ప ఎత్తి లోపల ఎరుపు చూపించమను. నీళ్ళలో ఉన్న గాలిని చేప దాంతోనే పీల్చుకుంటుందని ఆవిడ చేతే చెప్పించు. పీత కాళ్ళు లెక్కపెట్టించు, రెండు డెక్కలతో కలిపి పది. లెక్కలు నేర్పడానికి అంతకంటే ఏం కావాలి? డెక్కలు తాడుతో కట్టి ఉండాలి, జెల్ల చేపని మాత్రం ముట్టుకోనివ్వకు, దాని ముల్లు గుచ్చుకుంటే పెద్దవాళ్ళకే ప్రాణం పోయినంత పనవుతుంది. అయ్యాక సబ్బుతో చేతులు కడిగించు. నీసు తినని ఇళ్ళ పిల్లలుంటే ముందే వాళ్ళ అమ్మతో మాట్లాడు. మా సెంటర్లో ఒక పాప ఉండేది, ఆ పిల్ల దూరంగా కూర్చుని గవ్వలు జతలు కట్టేది, ఎవరూ ఏమీ అనలేదు. మిగతావాళ్ళ చేత చందువకి పసుపు ముద్ద రాయించి పాత తెల్ల గుడ్డ మీద అద్దించు. పొలుసులతో సహా అచ్చు పడుతుంది.

చలి గురించి తల్లులు చెప్పింది వినాల్సిందే. నీళ్ళాట వారానికి రెండు రోజులు, ఎండ ఎక్కాక పదకొండింటికి, ఇరవై నిమిషాలు. మిగతా రోజులకి ఒక పాత నీలం చీర ఉంటే చాలు. నాలుగు కొంగులూ పిల్లలకిచ్చి మెల్లగా, గట్టిగా, ఇంకా గట్టిగా అని ఊపించు, పైన ఒక బంతి వెయ్యి. పోటు అంటే ముందుకి నాలుగడుగులు, పాటు అంటే వెనక్కి నాలుగడుగులు. మేం ఇలా పాడుకునేవాళ్ళం, నేనే కట్టాను:

కెరటం వచ్చె, కాలు తడిపె
కెరటం పోయె, ఇసుక జారె
పీతమ్మ నడిచె పక్కకి పక్కకి
బొరియలో దూరె గుటుక్కుమని

మూడో పాదానికి అందరూ పీతల్లా పక్కకి నడవాలి.

ఒక్క మాట మర్చిపోవద్దు. మనది కాలువల దేశం. నీళ్ళంటే ఇష్టం పెంచుతున్నాం కాబట్టి నీళ్ళ దగ్గర హద్దు కూడా అదే రోజు నేర్పాలి. వసారాలో సుద్దతో గీత గీసి "ఇది గట్టు" అను. పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకోకుండా ఆ గీత దాటినవాళ్ళు ఆటలో అవుట్. రోజూ ఆడించు. జానెడు నీళ్ళున్న బేసిను కూడా చిన్నపిల్లలకి ప్రమాదమే, బోర్లా పడితే లేవలేరు. ఆట అవ్వగానే నీళ్ళు కొబ్బరి చెట్టుకి పోసెయ్యి. బేసిను అలా వదిలి ఫోన్ ఎత్తడానికి కూడా లోపలికి వెళ్ళకు. మా పక్క ఊళ్ళో రేవు దగ్గర ఒక పసివాడు మునిగి చనిపోయినప్పటి నుంచి నేను ఈ గీత ఆట మానలేదు.


పల్లిపాలెం:

మేడం గారూ నమస్తే. మాది అంతర్వేది పక్కన. నేను చేపల వేటకెళ్తాను. మా ఆవిడ మీ పోస్టు చూపించి నువ్వూ రాయి అంది. నాకు స్కూలు సంగతులు తెలియవు, సముద్రం సంగతి తెలుసు.

మీరు వచ్చే టైము మంచిది. ఇప్పుడు తాబేళ్ళ రోజులు. ఆలివ్ రిడ్లే అంటారు కదా, అవి జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట మన ఒడ్డుకి ఎక్కుతాయి. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ నుంచి మా సఖినేటిపల్లి వైపు దాకా గుడ్లు పెడతాయి. ఆడ తాబేలు ఇసుకలో మెల్లగా పాక్కుంటూ వచ్చి వెనక రెక్కలతో కుండలాగా గొయ్యి తీస్తుంది. ముందు కాళ్ళతో కాదు, వెనక్కి చూడకుండా వెనక వాటితోనే. వందకి అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది, తెల్లగా గుండ్రంగా పింగ్‌పాంగ్ బంతుల్లా ఉంటాయి. ఇసుక కప్పి, ఒళ్ళు అటూ ఇటూ ఊపి నేల చదును చేసి వెళ్ళిపోతుంది. మళ్ళీ వెనక్కి రాదు. నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొస్తాయి. అవి కూడా ఎక్కువ రాత్రే. చీకట్లో సముద్రం మీద వెలుతురు కనిపించే వైపుకి పరిగెడతాయి. ఒడ్డున లైట్లు ఉంటే అటు పోయి తెల్లారేసరికి కుక్కలకి, కాకులకి దొరికిపోతాయి.

మా పిల్లలు ఆడే ఆట ఒకటి చెప్తాను. ఇసుకలో వెనక్కి తిరిగి కూర్చుని కాళ్ళతో గొయ్యి తవ్వాలి. పది బంతులు వేసి, చూడకుండా కప్పాలి. మీ వసారాలో అయితే తలుపులు మూసి చీకటి చేసి ఒక మూల టార్చి పెట్టండి, అది సముద్రం. పిల్లలంతా పొట్ట మీద పాక్కుంటూ అటు వెళ్ళాలి. మధ్యలో ఎవరో ఇంకో మూల రెండో టార్చి వెయ్యండి. సగం మంది అటు పోతారు. అప్పుడు ఆపి, ఎందుకు అటు వెళ్ళారని అడగండి. మా పెద్దమ్మాయి ఆ ఆట ఆడాక మా ఇంటి వెనక లైటు ఆపమని గొడవ పెట్టింది. ఇప్పుడు ఈ మూడు నెలలూ ఆపుతున్నాం.

తీర్థానికి వచ్చినప్పుడు ఒడ్డున చచ్చిపోయిన తాబేలు కనపడొచ్చు. వలలో చిక్కుకుని గాలి అందక పోతాయి, అవి పైకొచ్చి గాలి పీల్చుకోవాలి కదా. దాచొద్దండి, ఉన్నది చెప్పండి. ముట్టుకోనివ్వొద్దు. బతికున్న పిల్ల కనపడితే ఎత్తి నీళ్ళలో విసరొద్దు, ఫోటో కోసం లైటు వెయ్యొద్దు, అటవీ శాఖ వాళ్ళకి చెప్పండి.

ఇంకోటి. పిల్లలకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాకు వేట ఉండదని చెప్పండి. 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం అది. మా ఇంట్లో చిన్నోడికి "చేపలకి వేసవి సెలవులు" అని చెప్పాను, బడి సెలవులతో పాటే వస్తాయి కాబట్టి వాడికి గుర్తుండిపోయింది. పులస సంగతి కూడా చెప్పండి, సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటాం, వరదకి ఎర్రనీటికి ఎదురీది గోదారిలోకి వస్తే పులస. మీ కాలువ పిల్లలకి సముద్రం నుంచి వాళ్ళ ఊరి వైపు ఒకటి ఎదురు వస్తుందని తెలిస్తే బాగుంటుంది.

గవ్వలు పట్టుకెళ్ళండి కానీ ఒక్కొక్కరు మూడు నాలుగు చాలు. తీసేముందు తిప్పి చూడండి, ఖాళీ గుల్లలో చిన్న పీత కాపురం ఉంటుంది. దాని సొంత గుల్ల కాదది, నత్త చచ్చిపోయాక మిగిలింది వెతుక్కుని దూరుతుంది. మనం ఎత్తుకెళ్తే దానికి ఇల్లు ఉండదు.


గౌతమి ఒడ్డు:

చిన్ని గురించి రాస్తున్నాను, మిగతావి పెద్దవాళ్ళు చెప్పేశారు. మాది ముమ్మిడివరం వైపు, ఇప్పుడు కాకినాడలో ఉంటున్నాం. 1996 నవంబర్ 6 రాత్రి నాకు ఏడేళ్ళు. మా పెంకుటింటి పెంకులు ఒక్కొక్కటే లేచిపోవడం, మా నాన్న నన్ను మంచం కింద పెట్టి పైన తను పడుకోవడం గుర్తు. తెల్లారి చూస్తే మా తోటలో కొబ్బరి చెట్లు ఒకే వైపు తలలు పెట్టి పడి ఉన్నాయి. చాలా ఏళ్ళు గాలి శబ్దానికే ఒళ్ళు వణికేది. కాబట్టి చిన్ని నానమ్మగారు ఆ మాటలు ఎందుకు చెప్తారో నాకు తెలుసు. ఆవిడని చెప్పొద్దని అనకండి. చెప్పిన కథలో చివరి ముక్క కూడా కలపమని అడగండి. ఆవిడ బతికి బయటపడింది కదా, ఎలా బయటపడింది, ఎవరు తలుపు తీశారు, ఎక్కడ దాక్కున్నారు. పిల్లకి ఆ భాగం అందడం లేదు.

మా అమ్మాయికి నేను చేసిన ఆట ఇది. ఒక వెడల్పు ట్రేలో ఒక పక్కగా ఇసుక ఏటవాలుగా పేర్చి, రెండో పక్క నీళ్ళు పోయండి. ఇసుకని మధ్యలో గీత గీసి రెండు భాగాలు చెయ్యండి. ఒక భాగంలో చీపురు ఈనెలు చిన్న ముక్కలు చేసి దగ్గర దగ్గరగా నాటించండి, అవి మడ చెట్లు. రెండో భాగం ఖాళీ. రెండు వైపులా అగ్గిపెట్టెల ఇళ్ళు పెట్టండి. ఇప్పుడు పిల్ల చేతికే పాత సీడీ గానీ అట్టముక్క గానీ ఇచ్చి కెరటాలు తోయించండి. ఖాళీ వైపు ఇసుక జారి ఇల్లు పడిపోతుంది. ఈనెల వైపు నిలబడుతుంది, కొంచెం తడుస్తుంది అంతే. కెరటం పిల్ల చేతిలో ఉండటం ముఖ్యం. మా పాప మొదట మెల్లగా తోసింది, తర్వాత ఎంత గట్టిగా తోసినా ఇల్లు పడదని చూసి ఇంకా ఈనెలు నాటింది. తర్వాత ఒక ఆదివారం కోరంగి తీసుకెళ్ళాం. మడ అడవిలో చెక్క వంతెన మీద నడుస్తూ బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు చూసి "ఇవే ఈనెలు" అంది. బురదలో గెంతే చేపలు కూడా ఉంటాయక్కడ, నీళ్ళు లేకుండా మట్టి మీద పాకుతాయి. పిల్లలు కదలరు ఆ చోటు నుంచి.

ఒడ్డుకి వెళ్ళినప్పుడు కాళ్ళు తడుపుకోమని బలవంతం చెయ్యొద్దు. అన్నం తినకపోతే సముద్రంలో పడేస్తామని ఇంట్లో ఎవరైనా అంటుంటే అది మాత్రం మానిపించండి.


కొబ్బరినీడ:

నమస్కారమండి. నిన్నటితో మూడు వారాలు అయ్యాయి, జరిగింది చెప్పాలనిపించి వచ్చాను.

పిన్నిగారూ, వాకిట్లో ధవళేశ్వరం కట్టాం. పిల్లలు నాలుగు రోజులు అదే కావాలన్నారు, నేను వేరేవి పక్కన పెట్టేశాను. రెండో రోజు ఒకడు ఇటుక పక్కన ఇంకో ఇటుక పెట్టి నీళ్ళు ఆపేసి "మా చేనుకి ముందు" అన్నాడు, కింది వాళ్ళకి నీళ్ళు రాలేదని పెద్ద గొడవ. ఆ గొడవ తీర్చడానికే అరగంట పట్టింది, అదీ పాఠమే అనిపించింది. కోడిగుడ్డు మూడో చెంచాకి తేలలేదు, ఐదో చెంచాకి లేచింది. చప్పట్లు కొట్టారు. ఎండబెట్టిన పళ్ళెంలో ఉప్పు రావడానికి మాకు నాలుగు రోజులు పట్టింది, పొద్దున్న మంచు కురుస్తోంది కదా.

చేపలావిడ వచ్చింది. పది నిమిషాలన్నది ముప్పావుగంట కూర్చుంది. నేను చార్టు చూపించి చెప్పినప్పుడు ఒక్క పిల్ల కూడా ప్రశ్న అడగలేదు, ఆవిణ్ణి ప్రశ్నలతో ముంచేశారు. చేప నిద్రపోతుందా, కళ్ళు మూస్తుందా అని. ఆవిడ కానాగంత కన్ను చూపించి "రెప్పే లేదురా, ఎలా మూస్తుంది" అంది. డబ్బులు ఇస్తే తీసుకోలేదు. మరునాడు చార్టు తీసేసి ఆ చోట పసుపు చందువలు అద్దిన గుడ్డ కట్టాను.

నా సొంతంగా ఒకటి చేశాను. నీలి తిమింగలం 30 మీటర్ల దాకా పెరుగుతుందని చదివి, అంత పొడుగు కొబ్బరి తాడు కొలిచి మా గేటు నుంచి వీధిలోకి పరిచాను. రామాలయం మెట్ల దాకా వచ్చింది. పద్నాలుగు మందినీ తాడు పక్కన వరసగా తల దగ్గర కాళ్ళు వచ్చేలా పడుకోబెట్టాను. సగం కూడా నిండలేదు. వీధిలో వాళ్ళు కూడా వచ్చి చూశారు. మా అత్తగారు తోక దగ్గర నిలబడ్డారు.

పల్లిపాలెం అన్నగారూ, టార్చి ఆటలో మీరు చెప్పినట్టే సగం మంది రెండో మూలకి పాకారు. "మాకు తెలియదు కదా టీచర్" అన్నారు. అంతకంటే నేనేం చెప్పలేదు.

చిన్ని ట్రే ఆట ఆడింది. మొదటి రోజు చూస్తూ కూర్చుంది, రెండో రోజు ఈనెలు మాత్రం నాటింది, మూడో రోజు అట్ట పట్టుకుంది. తీర్థానికి వెళ్ళింది కానీ నీళ్ళ దగ్గరకి వెళ్ళలేదు, నానమ్మ ఒళ్ళో కూర్చుని దూరం నుంచి చూసిందట. వాళ్ళమ్మ బాధపడింది, నేను పర్వాలేదన్నాను. సోమవారం వచ్చి, "నానమ్మని పెదనాన్న భుజాన వేసుకుని స్కూలు మేడ ఎక్కించాడు" అని చెప్పింది. 96 సంగతి అది. నానమ్మగారు కథ పూర్తి చేశారన్నమాట.

ఇక బుజ్జి. రథం చూశాక వాళ్ళ నాన్న వాణ్ణి సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాడు. చాలాసేపు చేతులు నడుం మీద పెట్టుకుని చూశాడట. ఆ తర్వాత గంగమ్మకి వదలడానికి తెచ్చిన పీచు కొబ్బరికాయని తనే వదులుతానని పట్టుబట్టి, "అవతలి గట్టు పిల్లాడికి" అని చెప్పి వదిలాడు. కెరటం రెండుసార్లు వెనక్కి తెచ్చింది. మూడోసారి వాళ్ళ నాన్న మోకాలి లోతుకి వెళ్ళి విసిరాడు, అప్పుడు వెళ్ళింది. కొబ్బరికాయ తేలుతుందని వాడికి కిందటి నెలే తెలుసు, మేం బేసినులో వేసి చూశాం.

ఇప్పుడు రోజూ పొద్దున్న చెప్పులు విప్పగానే అడుగుతున్నాడు, చేరిందా అని. పిన్నిగారూ, ఏం చెప్పమంటారు?


నర్సాపురం పిన్ని:

చాలా దూరం కదా నాన్నా, ఇంకా దారిలోనే ఉండుంటుందని చెప్పు. ఆ తాడు దాచి ఉంచు. అలాంటి తాళ్ళు ఎన్ని కలిపితే అవతలి గట్టు వస్తుందో లెక్క అడిగే వయసు వాడికి ఇంకో ఐదారేళ్ళలో వస్తుంది.